బాగోలేదన్నవారికి భోజనం

మా చిన్నప్పుడు... అంటే మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో ఇంటికొక్క స్మార్ట్‌ఫోనే ఉండి, అది కూడా తాతగారి కళ్ళజోడు పక్కన, తాతగారి అనుమతికి లోబడి పనిచేసే రోజుల్లో... ఒక సాయంత్రం ఆ ఫోను తెరమీద నా పేరు కనబడింది.

ఒక వెబ్ పత్రికకు నేను పంపిన కథ అచ్చయింది. దీన్ని అచ్చు అనవచ్చునా అన్న విషయమై ఇంట్లో కొంత చర్చ జరిగింది. కాగితం లేదు, సిరా లేదు. "మరి దాచుకోడం ఎలాగే?" అని అమ్మ అడిగింది. తాతగారు మాత్రం కథను నిలబడి చదివారు. చదివి, కండువాతో తెర తుడిచి, "బావుందమ్మా" అన్నారు.

ఆయన కొత్త పెళ్ళికూతుళ్ళనూ, పంచాయతీ కుళాయినీ, పక్కింటివారి పులిసిన పెరుగునూ కూడా "బావుంది" అనే అంటారు గనుక, ఆ మాటను సాక్ష్యంగా స్వీకరించడానికి వీలులేకపోయింది.

నాకు కావలసింది ఒక్కటే... నాకు రాయడం వచ్చో రాదో ఎవరైనా చెప్పాలి. నాది ఇంటర్ మొదటి సంవత్సరం. లెక్కలు రావని అప్పటికే నిర్ధారణ అయింది.

కథ ఏమిటంటే, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటుతున్న ఒక అమ్మాయి దారి పొడవునా ఆలోచిస్తుంది. చివరి పేరాలో అకస్మాత్తుగా నీళ్ళలో పడి మరణిస్తుంది.

తాతగారు బంధువర్గమంతటికీ ఫోను ద్వారా సమాచారం అందజేయడంతో కథ కింద కామెంట్లు మొదలయ్యాయి. "సూపర్ తల్లీ." "కీప్ ఇట్ అప్." అమలాపురం పిన్నిగారు "దీర్ఘసుమంగళీభవ" అని రాశారు. వీరిలో ఎవరైనా కథ చదివినట్టు ఆధారాలు లభించలేదు.

ఆ తరువాత ఇంకొకటి వచ్చింది. రావులపాలెం నుంచి, వీర్రాజు అనే అపరిచితుడు.

"చివరిదాకా చదివేను. బాగోలేదు. ఆ పిల్లని ఊరికే చంపేసేరు."

మా వంశంలో ఎవరూ ఎవరి ఎదుటా "బాగోలేదు" అన్న దాఖలా లేదు. నా చెవులు వేడెక్కాయి.

"ఎవడండీ వీడు, మావయ్యగారూ?" అంది అమ్మ.

"వీడూ వాడూ అనకమ్మా. మన గుమ్మంలోకొచ్చి మాటాడేడు. మంచినీళ్ళయినా ఇచ్చేమా?"

"గుమ్మం కాదండీ, ఇంటర్నెట్టండీ."

"ఏదైతేనేం? అమ్మాయి పేరున్న చోటు మన గుమ్మమే."

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఓటు తాతగారొక్కరికే ఉండేది. ఆయన చెప్పారు, నేను టైపు చేశాను. "ఆర్యా, నమస్కారములు. మా మనుమరాలి కథ వల్ల తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. వచ్చే ఆదివారం మా ఇంట భోజనానికి దయచేయవలెను." కింద ఇంటి గుర్తులు కూడా రాయించారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను... నా కథలో అమ్మాయికన్నా సకారణంగా.

రాడని నేనూ, అమ్మా అనుకున్నాం. తాతగారు పనసపొట్టు కొట్టించారు.

వచ్చారు.

చేతిలో చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం. చొక్కా చెమటతో తడిసిపోయింది. గేటు బయట ఇంకొకాయన ఇంజను ఆపకుండా మోటారుసైకిలు మీదే కూర్చున్నారు.

"ఆయన్ని కూడా లోపలికి రమ్మనండీ" అన్నారు తాతగారు.

"మా బావమరిదండీ. భోజనమంటే... కొడతారేమోనని తోడు తెచ్చుకున్నానండి."

"ఎంతమాట! కొట్టేవాళ్ళు పనసపొట్టు వండుతారాండీ ఎక్కడైనా?"

ఇంజను ఆగింది.

విస్తళ్ళ ముందు ఆయన ప్రయత్నం చేయకపోలేదు. "కథ సంగతి చెప్పాలంటేనండి..."

"ముందు నెయ్యి వేయించుకోండి."

"చివర్న ఆ పిల్లండీ..."

"పెరుగు గట్టిగా తోడుకుందాండీ?"

"ఆయ్."

చేతులు కడుక్కున్నాక వీర్రాజుగారు ఫోను తీసి, మా అందరి సమక్షంలో తమ వ్యాఖ్యను తొలగించి, "అద్భుతమైన కథ. కంటతడి పెట్టించింది" అని రాశారు. బావమరిదిగారు కథ తెరవకుండానే "సూపర్" అని జతచేశారు.

"చూసేవా?" అన్నారు తాతగారు నాతో. "మనిషికి అన్నం పెట్టి అడగాలి. అప్పుడే నిజం చెబుతాడు."

బాగోలేదన్ననాటి దిగ్భ్రాంతి దీని ముందు దిగదుడుపు. నన్ను చివరిదాకా చదివిన ఏకైక పాఠకుణ్ణి నా కళ్ళెదుటే పనసపొట్టు కూరకు పోగొట్టుకున్నాను.

తాతగారు వాళ్ళకోసం కట్టించిన కొబ్బరికాయల సంచీ అందించే నెపంతో గేటు దాకా వెళ్ళాను.

"బాబాయిగారండీ, నిజం చెప్పండి. ఎందుకు బాగోలేదండీ?"

ఆయన వసారా వైపు చూశారు. తాతగారు చెయ్యి ఊపుతున్నారు.

"ఇంత తిని ఎలా చెప్పనండి, పాపగారూ?"

నేను సంచీ వదల్లేదు.

ఆయన గొంతు తగ్గించారు. "ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయిందో మీకు తెలుసాండీ?"

"తెలీదండి."

"ఆయ్. నాకూ అదే అనిపించిందండి."

సంచీ వదిలేశాను. బండి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ చివరి పేరా కొట్టేసి మళ్ళీ రాశాను. ఈసారి అమ్మాయి నర్సాపురం రేవులో దిగింది. దిగి ఎటు వెళ్ళాలో నాకు తెలియలేదు... అది కనుక్కోవడానికే ఇప్పటికీ రాస్తున్నాను.

వీర్రాజుగారు ఆ తరువాత నా ప్రతి కథకూ అందరికన్నా ముందే "అద్భుతం" అని రాస్తూ వచ్చారు. మా ఉప్పు తిన్నారు, ఏం చేస్తారు...

ఆ పత్రిక ఇప్పుడు లేదు. లింకు నొక్కితే పేజీ దొరకలేదని వస్తుంది. తాతగారూ లేరు. నేనేం రాసినా, చదవడానికి పట్టేంత వ్యవధి కూడా గడవకముందే ఎర్రటి హృదయాలు వచ్చి పడుతున్నాయి. అన్నీ భోజనం చేసి వచ్చినవాళ్ళు పెట్టినవాటిలాగే ఉంటాయి.

మీ మొదటి రచనను బాగోలేదన్న మొదటి మనిషి ఎవరో కింద తెలియజేయగలరు. ఇది బాగోలేదనిపిస్తే అదీ నిస్సంకోచంగా రాయండి... భోజనానికి పిలవనని ఇందుమూలంగా హామీ ఇస్తున్నాను.