మోదుగాకు రాకముందే

మా దీదీ పోయిన కబురు నాకు ఫోన్లో వచ్చింది. ఆదివారం పొద్దున, వాట్సాప్ గ్రూపులో. "దీదీ నో మోర్" అని మా సెక్రటరీ పెట్టాడు. దాని కింద దండం పెట్టే చేతులు వరసగా వచ్చాయి. ఆ దండాల మధ్యలోనే ఒకాయన ముందురోజు తాను తీసిన గుడ్లగూబ ఫొటో పెట్టాడు. వెంటనే దానికి చప్పట్లు మొదలయ్యాయి. దండాలు ఆగిపోయాయి. నేను ఫోను బోర్లా పెట్టేసి, టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను.

దీదీ అంటే మా బొమ్మల గ్రూపుకి గురువు. దేశ రాజధానిలోని మా ద్వారకలో నాలుగైదు అపార్ట్‌మెంటు సొసైటీల వాళ్లు, గురుగ్రామ్ నుంచి కార్లేసుకొచ్చే కొందరు, ఆదివారం పొద్దున్నే అడవిలా పెంచిన ఒక పార్కులో చేరి చెట్లు, పూలు, పిట్టల బొమ్మలు వేస్తారు. వేస్తామని చెప్పుకుంటారు అంటే సరిగ్గా ఉంటుంది. ఆవిడది విజయనగరం. ఇక్కడి సర్కారు ఆఫీసులో మొక్కల బొమ్మలు వేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నాది శ్రీకాకుళం పక్క పల్లె. ఊరి బడిలో చదివినంత చదివి, ఫౌజులో చేరి, సుబేదారుగా దిగిపోయినవాణ్ణి. రాయడం నా పని కాదు. కానీ గ్రూపువాళ్లు ఇంగ్లీషులో ఒక నివాళి రాసి అందరికీ పంచారు. అందులో ఆవిడ "చెరగని చిరునవ్వు" గురించి ఉంది. ఆ చిరునవ్వు ఎవరు చూశారో నాకు తెలీదు. మన తెలుగువాళ్లకైనా నిజం తెలియాలని ఇది రాస్తున్నాను.

మోకాళ్లకి నడక మంచిదని డాక్టరంటే ఆ పార్కుకి వెళ్లేవాణ్ణి. ఒకరోజు ఆవిడ మడత స్టూలు మీద కూర్చుని కొమ్మనొకదాన్ని చూస్తూ గీస్తున్నారు. గాలికి కొమ్మ ఊగుతోంది. ఆవిడ పెన్సిలు ఆగుతోంది. నేను వెనకాల నిలబడి, "ఈ గాలి ఆగదు" అని నాలో నేను అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను.

ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "తెలుగువారేటి? ఊరికే నిల్చునే కంటే వచ్చి ఈ కొమ్మ పట్టుకోండి. కదిలిందా, తిడతాను" అన్నారు.

పట్టుకున్నాను. కదిలింది. తిట్టారు.

ఆ రోజు నుంచి నా ఉద్యోగం అదే. ఆవిడ పూవు తుంచనిచ్చేవారు కాదు. "తుంచిన పూవు శవం. శవానికి ఫొటో చాలు, బొమ్మ దేనికి?" అనేవారు. చెట్టు దగ్గరికే వెళ్లి కూర్చోవాలి. గాలి ఉంటే ఒకరు కొమ్మ పట్టుకోవాలి, ఒకరు గీయాలి. గ్రూపులో గీయడానికి అందరూ సిద్ధమే. పట్టుకోవడానికి ఎవరూ లేరు. గురుగ్రామ్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన ఒకసారి పట్టుకున్నాడు. రెండో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు. "బాబూ, నువ్వు వదిలెయ్. నీకంటే గాలి నయం" అన్నారు దీదీ. అతనికి తెలుగు రాదు. థాంక్యూ దీదీ అని వెళ్లిపోయాడు.

నాకు ఆవిడ ఇచ్చిన మెప్పు ఒక్కటే. "సుబేదారు గారూ, మీలో నాకు నచ్చింది మీరు మాట్లాడకపోవడం." తర్వాత నా చేతికీ పెన్సిలిచ్చారు. నేను వేసిన మొదటి ఆకు చూసి, "ఇది ఆకా, అప్పడమా?" అన్నారు. చాలా ఆదివారాల తర్వాత కూడా, "పోనీలెండి, వేయించిన అప్పడంలా ఉంది" అన్నారు. ఆ రోజు ఇంటికి మెట్రోలో నిలబడే వెళ్లాను, కూర్చోవాలనిపించలేదు.

ఆ గ్రూపు సంగతి చెప్పాలి. మోచెయ్యి కంటే పొడుగు కెమెరాలు. పిట్టకి కనపడకూడదని అడవి రంగు చొక్కాలు, ఆ పైన పిట్టలన్నీ లేచిపోయేంత గట్టిగా కబుర్లు. చెట్టు కింద గడిపేది కొంచెం, పరాఠాల దగ్గర గడిపేది ఎక్కువ. ఇంటికెళ్లి ఫోన్లో ఫొటో చూసి బొమ్మ వేసి, పార్కులో కూర్చుని వేశానని పెట్టేవారు. దీదీకి ఒక్క చూపులో తెలిసిపోయేది. "డబ్బాలో ఉన్న పచ్చ ఏ చెట్టుకీ ఉండదు" అని రంగు కలిపించేవారు. ఎవరైనా మచ్చ లేకుండా నున్నగా ఆకు వేస్తే, "పురుగు కూడా ముట్టని ఆకు మనకెందుకండీ?" అని పక్కన పడేసేవారు. వాళ్లని చూసి ఆవిడ మూతి తిప్పుకునేవారు. నేనూ లోపల తిప్పుకునేవాణ్ణి. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాటిలో అది నాకు బాగా వచ్చింది.

ఒకసారి మా గ్రూపులో కల్నల్ సాబ్ మోదుగ కొమ్మ వేసుకొచ్చారు. ఎర్రగా పూలు, వాటి పక్కనే నిండా ఆకులు. మోదుగ పూసేటప్పుడు చెట్టుకి ఆకు ఉండదు. రాలిపోయి ఉంటుంది. పూలన్నీ పోయాక కొత్తాకు వస్తుంది. దీదీ ఆ కాగితాన్ని ఎత్తి అందరికీ చూపించి, "కల్నల్ సాబ్, యే పేడ్ కౌన్ సే దేశ్ కా హై?" అన్నారు, ఈ చెట్టు ఏ దేశానిదని. అందరూ నవ్వారు. ఫౌజులో ఉండగా కల్నల్ ఎదుట నవ్వడం నా వల్ల అయ్యేది కాదు. ఆ రోజు నవ్వాను. ఆయన కొన్ని వారాలు కనపడలేదు.

ఈ ఏడు హోళీకి ముందు ఆవిడ తనే మోదుగ మొదలుపెట్టారు. పెద్ద కాగితం. ఎడమ పక్క పూలు. నల్లటి ముఖమల్ లాంటి మొగ్గ తొడుగులు, వాటిలోంచి చిలక ముక్కుల్లా రేకులు. కొమ్మ పట్టుకుని పట్టుకుని నా భుజం లాగేది. కుడి సగం ఖాళీగా వదిలారు. "ఇది ఆకుకి. మోదుగాకంటే మీకు విస్తరే గుర్తొస్తాది. ఈసారి తిండి మర్చిపోయి చూద్దురు గాని" అన్నారు. ఆ ఖాళీలో మూడు చిన్న చుక్కలు పెట్టారు, మూడు ఆకుల కొసలు ఎక్కడికి రావాలో గుర్తుగా. పూలు రాలాయి. ఆకు రాకముందే ఆవిడ పోయారు. గుండె అన్నారు.

పదిహేను రోజులకే సాకేత్‌లో ఒక మాల్లో ఆవిడ పేరున బొమ్మల ప్రదర్శన అన్నాడు సెక్రటరీ. ఆవిడ కూతురు ఆ మోదుగ కాగితం తెచ్చి ఇచ్చింది. క్లబ్‌హౌసులో బల్ల మీద పరిచారు. అందరూ ఆ ఖాళీ సగం వంకే చూశారు. శవం లేవకముందే గది ఎవరిదని అడిగినట్టు ఉంది నాకు.

"ఆధా ఖాలీ హై యార్, అజీబ్ లగేగా" అన్నాడు సెక్రటరీ, సగం ఖాళీగా ఉంటే వింతగా ఉంటుందని. గుడ్లగూబ ఫొటో ఆయన అక్కడ ఒక పిట్ట వెయ్యొచ్చన్నాడు. ఒకావిడ తనకి ఆకులు బాగా వచ్చనీ, నెట్లో ఫొటో చూసి సాయంత్రానికి నింపేస్తాననీ బ్రష్షు కూడా తీసింది. ఇంకొకరు అక్కడ దీదీ ఫొటో, కింద దీపం అన్నారు.

ఆ ఖాళీ పోతే ఆవిడ నేర్పినదంతా పోయినట్టే. లేచాను. "వద్దు" అన్నాను, తెలుగులోనే.

"అరే, సుబేదార్ అంకుల్ బోలే!" అంటూ, నేను నోరు విప్పినందుకు ఎవరో చప్పట్లు కొట్టారు. నవ్వులు. కాగితం మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను.

అప్పుడు మూల నుంచి కల్నల్ సాబ్ గొంతు వచ్చింది. "పత్తా అభీ ఆయా నహీ హై. ఖాలీ రహేగా." ఆకు ఇంకా రాలేదు, ఖాళీగానే ఉంటుంది అని. పెరేడ్‌లో ఇచ్చే ఆర్డరులా అన్నారు. బ్రష్షు తీసినావిడ బ్రష్షు సంచిలో పెట్టేసుకుంది.

కల్నల్ సాబ్ అంటే నాకున్న చులకన ఆ రోజుతో పోయిందని చెప్పను. కొంచెం తగ్గింది.

బొమ్మ అలాగే ఫ్రేములో పెట్టారు. సెక్రటరీ ఊరుకున్నాడా? కింద చీటీ మీద "అసంపూర్ణ చిత్రం" అని ఇంగ్లీషులో రాయించాడు. మాల్లో ఐస్‌క్రీములు తింటూ వచ్చినవాళ్లు దాని ముందు ఆగి, పాపం అని పోయేవారు. ఆ మూడు చుక్కలు ఒక్కరికీ కనపడలేదు. చీటీ చదివినవాళ్లు బొమ్మ చూడరు. ఆవిడ ఉంటే మాల్ మొత్తానికి వినపడేలా తిట్టేవారు. నేను రోజూ వెళ్లి పక్కన నిలబడ్డాను, తిట్టడం రాదు కనక.

మొన్న మే నెలలో పార్కుకి వెళ్లాను. గ్రూపు లేదు. ఎండలు కదా, ఆగస్టు దాకా సెలవన్నారు. చెట్లకి సెలవు లేదు. మోదుగకి ఆకు వచ్చింది. ఒక్కో కాడకి మూడు, లేత పచ్చ, ఇంకా నూగు పోలేదు. వాటిలో ఒకదానికి అప్పుడే పురుగు కొట్టి చిల్లు పడింది. వడగాలి వీస్తోంది. కొమ్మ ఊగుతోంది. ఆవిడ స్టూలు వేసుకునే చోట గడ్డి మళ్లీ మొలిచింది.

వెళ్లి కొమ్మ పట్టుకున్నాను. గాలి వచ్చినప్పుడల్లా చేతిలో గుంజుకుంటోంది. గట్టిగా పట్టుకున్నాను. ఆ చిల్లున్న ఆకు కదలకుండా, గడ్డి మొలిచిన చోటు వైపు తిరిగి ఉంది.