ఎక్కడో ఒకమ్మాయి ఉంటుంది

గుండెదడ గారికి భయం. దేనికని అడిగితే పొద్దుపోతుంది. దేనికి కాదో అడిగితే జవాబు తొందరగా తేలిపోతుంది. యువజన శాఖలో ముసాయిదాలు సరిచూసే అధికారి ఆయన. అసలు పేరు తలుపు మీద బోర్డులో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే ఉలిక్కిపడేవారు.

ఫైలుకు పిన్ను కొడితే దాని మొన మీద టేపు అంటించేవారు. చదివేవాళ్ల వేలికి గుచ్చుకుంటే? ఆ వేలు వాస్తే? టీ వచ్చిందంటే ఎదుటి మనిషి కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండాగండి, నాలిక కాలుతుంది" అనేవారు. ఆ ఆగడంలో టీ కాస్తా చల్లారి నీళ్లయ్యేది. ఆయన గదిలో సీలింగ్ ఫ్యాను ఊగుతూ తిరిగేది. అది ఊడి ఎవరి నెత్తిన పడుతుందోనని, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలన్నీ గోడకు ఆనించి వేయించారు. దాంతో ఆయనతో మాట్లాడాలంటే గోడ దగ్గర్నుంచి అరవాల్సిందే. రహస్య ఫైళ్ల మీద చర్చ కూడా వరండాలో పోయేవాళ్లందరూ ఆగి వినేవాళ్లు.

ఆ భయాలన్నిట్లోకీ పెద్దది ఒకమ్మాయి. ఏ ముసాయిదా తెచ్చినా సగం చదివి, కళ్లజోడు తీసి, "ఎక్కడో ఒకమ్మాయి ఉంటుంది. ఇలా రాస్తే ఆ అమ్మాయి ఏమైపోవాలి?" అనేవారు. ఆ అమ్మాయి ఎవరో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు.

"సార్, మీ అమ్మాయి ఇవాళ కులాసానా?" అని టైపిస్టు ఎకసెక్కమాడేది.

"ఎక్కడి కులాసా అమ్మా! ఆ హాస్టల్ నిబంధనలు వచ్చినప్పట్నుంచీ దానికి నిద్రే లేదు" అనేవారాయన. నవ్వకుండానే.

కొత్త యువజన విధానంలో ఏడీహెచ్‌డీ గురించి ఒక పేరా రాసే పని ఆ మధ్యే చేరిన ఉద్యోగినికి పడింది. ఆమెను ఆఫీసులో ఇంకా కొత్తావిడ అనే పిలిచేవారు. దృష్టి ఒకచోట నిలవని, మెదడు పనిచేసే తీరే వేరుగా ఉండే యువతీయువకులను ప్రభుత్వం మొదటిసారి గుర్తించబోతోంది. పని పడింది అనడం తప్పు. ఆమే అడిగి తెచ్చుకుంది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఇంట్లో చెల్లెలుంది. శాఖ శిక్షణ కేంద్రం ప్రవేశ పరీక్షలో మొదటి పేజీ ముత్యాల్లా రాసి, ప్రశ్నపత్రం వెనక్కి తిప్పడం మరిచిపోయి, "ఎంత తేలికో!" అని నవ్వుతూ బయటికొచ్చిన చెల్లెలు. వయసు దాటిపోతోంది, ఇంకొక్కసారే రాయగలదు. పేరా నెగ్గితే ఎక్కువ సమయం దొరుకుతుంది, విడిగా గది దొరుకుతుంది. నెగ్గకపోతే? కొత్తావిడ ఆలోచన అక్కడే ఆగిపోయేది. ఈ సంగతి బయటపడితే "ఓహో, ఇంటి కోసం రాసుకున్న పేరానా!" అంటారని ఇంకో భయం. ఆ గదిలో నిజానికి ఇద్దరూ భయస్థులే. ఒకరి భయం బయటికి వినపడేది, అంతే తేడా.

గుండెదడ గారు పేరా చదివారు. కళ్లజోడు తీశారు.

"'నాడీ వైవిధ్యం' అని రాశావేంటమ్మా? ఎక్కడో ఒకమ్మాయి ఉంటుంది. వాళ్లమ్మ ఇది చదివి, పిల్లకి నరాల జబ్బనుకుని శోకాలు పెడుతుంది."

"మారుస్తాను సార్!" అని గోడ దగ్గర్నుంచి అరిచింది.

"'అతిగా అల్లరి చేసే యువత' అట. అల్లరి చెయ్యని అమ్మాయి సంగతేంటి? కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. ఎవరికీ అడ్డం రాదు. అందుకే ఎవరి కంటా పడదు."

"అదీ మారుస్తాను సార్."

"డాక్టరు ధ్రువపత్రం తెచ్చినవారికే అట! ఆ డాక్టరు దగ్గర వంతు వచ్చేసరికి ఈ అమ్మాయి యువతలో ఉంటుందా, పింఛనుకొస్తుందా?"

"అది లేకపోతే పైన ఒప్పుకోరు సార్!"

"సరే, తెచ్చిందే అనుకో. పరీక్షకెళ్లింది. పేపరిచ్చారు. ఆ అమ్మాయి వెనక పేజీ చూడకపోతే?"

కొత్తావిడ చేతిలో పెన్ను జారి కింద పడింది. ఈయనకెవరు చెప్పారు? భయపడుతూనే ఆయన మొహంలోకి చూసింది. అక్కడ ఎగతాళి లేదు, అనుమానం లేదు. ఎక్కడో ఉన్న అమ్మాయి కోసం ఇక్కడ ఈయన నుదుటికి చెమట పట్టి ఉంది.

"ఇది ఇలా వెళ్లడానికి వీల్లేదు" అంటూ ఆయన ఫైలును సొరుగులో పెట్టి తాళం వేసేశారు.

"అయిపోయింది నీ పేరా," అంది టైపిస్టు. "అమ్మాయీ లేదు, గిమ్మాయీ లేదు. ఆయనకున్నది కుర్చీ పోతుందన్న భయం. నీకింకా తెలీదు."

ఆ సాయంత్రం చెల్లెలు అడిగింది. "అక్కా, ఈసారీ పేజీ తిప్పడం మర్చిపోతే?"

"మర్చిపోవులేవే."

"పోయినసారీ అదే అన్నావు."



సమీక్ష సమావేశం రోజు రానే వచ్చింది. శాఖ కార్యదర్శి చూపు పడితే ఫైళ్లు వాటంతటవే మూసుకుంటాయని ఆఫీసులో అనుకునేవారు. అలాంటావిడ ముందు గుండెదడ గారు లేచి నిలబడ్డారు. ముందున్న నీళ్ల గ్లాసు ఎవరి మోచేతికీ తగలకుండా బల్ల మధ్యకు జరిపారు. జేబులోంచి కాగితం తీసి చదివారు. "'అడిగినవారికి అదనపు సమయం, విడిగా గది ఇవ్వాలి. ధ్రువపత్రం తెమ్మని ఎవరినీ వెనక్కి పంపకూడదు. వెనక కూడా ప్రశ్నలున్నాయని పరీక్ష గదిలో గుర్తు చేయాలి.'"

కొత్తావిడ విన్నది నమ్మలేకపోయింది. సొరుగులోకి వెళ్లింది తన పేరాయే. బయటికి వచ్చింది మాత్రం చెల్లెలికి అతికినట్టు సరిపోయేది.

"ధ్రువపత్రం అడక్కపోతే ప్రతివాడూ నాకూ ఉందంటాడు," అన్నారు కార్యదర్శి. "అన్నిటికీ భయపడతారు కదా, దానికి భయం వెయ్యలేదా?"

"భయపడదామనే చూశాను మేడం. మహా అయితే కొంతమందికి ఊరికే ఒక అరగంట ఎక్కువ దొరుకుతుంది. ఎంత ప్రయత్నించినా ఆ ఒక్కదానికీ భయం రాలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కార్యదర్శి నవ్వలేదు.

"అయితే సంతకం మీరే పెట్టండి. రేపు తేడా వస్తే ఎవరి మీదికొస్తుందో తెలుసా?"

"ఎవరి మీదికి మేడం?" గుండెదడ గారి మొహం పాలిపోయింది. "ఆ అమ్మాయి మీదికా?"

"ఏ అమ్మాయి? మీ మీదికి!"

"నా మీదికా?" ఒక కామా గుర్తులో కూడా ఉపద్రవం చూడగల మనిషి నోరు తెరుచుకుని ఉండిపోయారు. "అది నేను ఆలోచించనే లేదే!"

ఈసారి కార్యదర్శే చూపు దించుకుని కాగితాలు సర్దుకున్నారు. "ఒక ఏడాది అమలు చేసి చూద్దాం. రాబోయే పరీక్షల నుంచే," అన్నారు చివరికి. గుండెదడ గారు సంతకం పెట్టి, ఆవిడకు ఫైలు అందించే ముందు పిన్ను మొన మీద టేపు అంటించారు.

గదికి తిరిగొచ్చాక కొత్తావిడ గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. ఈసారి అరవకుండానే చెప్పింది. "సార్, ఎక్కడో ఉంటుందన్నారు కదా ఆ అమ్మాయి. మా ఇంట్లోనే ఉంది."

గుండెదడ గారు హడలిపోయారు. "నిజంగా ఉందా! మరి ఇక్కడ కూర్చున్నావేంటమ్మా? హాల్ టికెట్ భద్రంగా పెట్టిందా? ఆ రోజు బస్సు రాకపోతే? పెన్ను రాయకపోతే?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోడానికి పైకి చూసింది. ఫ్యాను ఊగుతూ తిరుగుతోంది. తిన్నగా దాని కిందే గుండెదడ గారి కుర్చీ. అందరి కుర్చీలూ గోడకు చేర్పించిన మనిషి ఇన్నేళ్లుగా తను మాత్రం అక్కడే కూర్చున్నారు.

"సార్! ఫ్యాను సరిగ్గా మీ నెత్తి మీదే ఉంది!" అంటూ గాభరాగా లేచి అటు పరిగెత్తబోయింది.

గుండెదడ గారు తలెత్తి చూశారు. తేలిగ్గా చెయ్యి విదిలించారు.

"ఇదా? ఇన్నేళ్లలో పడనిది ఇప్పుడేం పడుతుందిలే! నువ్వు మాత్రం ఇటు రాకు తల్లీ, ఆ గోడకే ఆనుకుని ఉండు."