జారి పడిందన్న మాట

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరింట్లోనైనా పప్పు మెత్తగా ఉడికిందంటే, అది మా తాతయ్య ఇచ్చిన వాననీళ్ళ చలవే. పుదుచ్చేరిలో మా వీధి సముద్రానికి మరీ దగ్గర. పక్కనే ఉన్న జాలరిపేట వైతికుప్పంలో పడవలు ఒడ్డుకు లాగేవాళ్ళ కేకలు మా పెరట్లోకి వినబడేవి. బావినీళ్ళు ఉప్పన. అందుకని అక్టోబరులో, ఐప్పసి నెల వానలు మొదలవగానే తాతయ్య పెంకుల చూరు కింద రెండు పెద్ద బానలు పెట్టించి, ఆ నీళ్ళు నెలల తరబడి దాచేవాడు. ఆయనకు బియ్యం వ్యాపారం ఉండేది గానీ గర్వమంతా ఆ బానల మీదే. పెళ్ళివారు కాఫీల కోసం ఒక బిందెడు అడగడానికి వస్తే ఆయన నడకే మారిపోయేది.

ఆ వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు పదో పన్నెండో ఉండేవి. ఎన్ని తరాల కిందట వచ్చామో మాకే తెలియదు. బళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు. తెలుగు చదవడం మాత్రం మాలో ఎవరికీ రాదు. నేను ఈ అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాకే. కానీ ఆ భాష మాకు ఒక తలుపులాంటిది. బయటివాళ్ళు ఎదురుగా ఉన్నా సరే, తెలుగులో మాట్లాడుకుంటే మా గుట్టు మా దగ్గరే ఉండేది.

పక్కింటి అక్క కూడా మాలో పిల్లే. తండ్రి లేడు, తల్లి మంచం పట్టింది. దోమల వల్ల వచ్చే జ్వరాలను అదుపు చేసే పనిలో ఆమెకు టెంపరరీ ఉద్యోగం దొరికింది. భుజాన సంచీ, చేతిలో పొడుగు పిడి గరిటె, ఒక టార్చి లైటు. ఇంటింటికీ వెళ్ళి తొట్లలో, కుండల్లో తొంగి చూసి, పురుగులుంటే నీళ్ళు పారబోయించడం ఆమె పని. మా వీధి ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మన కుండల్లోకి తొంగి చూసేదానికి సర్కారు దీనికి జీతమిస్తా ఉంది అని మా అవ్వే అనేది. అక్క ఆ మాట విని తానూ నవ్వేది. నాకు ఆమె అంటే ప్రాణం.

ఒకరోజు ఆమె మా బానలోంచి గరిటెడు నీళ్ళు తీసి ఒక ఖాళీ సీసాలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. నీళ్ళలో సన్నని పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి.

“ఎవురికీ చెప్పొద్దు పాపా. రోజూ ఊరికే చూస్తా ఉండు” అంది.

నేను దాన్ని కిటికీలో పాత పుస్తకాల వెనక దాచాను. నాలుగైదు రోజులకు పురుగులు మాయమై, గుడ్డ కింద దోమలు కొట్టుకుంటూ కనిపించాయి. మా తాతయ్య అమృతంలా దాచుకున్న నీళ్ళలోంచి అవి వచ్చాయి. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కతినే.

ఆ నెలలోనే మా వీధిలో చలిజ్వరాలు మొదలయ్యాయి. బానలకు బిగువుగా గుడ్డ కట్టమని అక్క తాతయ్యకు రెండుసార్లు చెప్పింది. ఆయన ఒక చెక్క మూత వేసి, అంతే చాలన్నాడు. మూడోసారి ఆమె నీళ్ళు పారబోయమనే ఉత్తర్వుతో వచ్చింది. నేను పెరటి మెట్టు మీద కూర్చుని ఉన్నాను.

“తాతా, రెండుసార్లు చెప్పినాను గదా. ఇంక నా చేతుల్లో లేదు” అని ఆమె మొదటి బానను వంచింది.

“నా ఇంట్లోకొచ్చి నా నీళ్ళు పారబోసేదానికి నువ్వేంది?” అని తాతయ్య ఆమెను రెండు చేతులతో నెట్టేశాడు.

ఆమె రోటి మీద పడింది. కుడి మణికట్టు కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. తాతయ్య ముఖం పాలిపోయింది. కొట్టాలని ఆయన అనుకోలేదు, ఆ మాట ఇప్పటికీ చెప్పగలను. కానీ నెట్టాడు.

మరునాడు పొద్దున ఆమె పై ఆఫీసరు విచారణకు వచ్చాడు. తమిళాయన, మర్యాదస్తుడు. వెనక అక్క, చేతికి కట్టుతో నిలబడి ఉంది. డ్యూటీలో ఉన్న మనిషి మీద చెయ్యి చేసుకోవడం నేరమేనని, అయితే ఈ అమ్మాయి పర్మనెంట్ కాదు కాబట్టి చూసిన సాక్షి ఒక్కరైనా లేకపోతే కేసు నిలవదని, పైగా తప్పు ఆమె మీదికే మళ్ళుతుందని ఆయన చెప్పాడు. వీధిలో అందరినీ అడిగాడు. ఒకరు వంటింట్లో ఉన్నానన్నారు, ఒకరు గుడికి పోయానన్నారు. గోడకు అవతల నుంచి తలలు పెట్టి చూసినవాళ్ళే ఆ మాటలన్నారు. అప్పుడు అక్క ఆయనతో, ఈ పాప అక్కడే ఉంది సార్, ఇది చెప్తుంది అంది. అంత నమ్మకంగా అంది.

మా అవ్వ ఆఫీసరు చేతికి కాఫీ గ్లాసు అందిస్తూ, నవ్వుముఖంతో, నా జుట్టు నిమురుతూ తెలుగులో అంది.

“జారి పడిందని చెప్పు కన్నా. లేకుంటే తాతను పోలీసోళ్ళు పిల్చుకుపోతారు.”

పిల్లకు ధైర్యం చెబుతోందనుకుని ఆఫీసరు కూడా నవ్వాడు. ఆయనకు తెలుగు రాదు. కానీ అక్కకు వచ్చు. మా అవ్వ ఆ క్షణంలో ఆ సంగతి మరిచిపోయిందో, మనపిల్లే కదా, బయటపెట్టదులే అనుకుందో నాకు తెలియదు. అక్క ప్రతి మాటా విన్నది. ఒక్క వాక్యం తమిళంలోకి తిప్పి చెబితే చాలు, మా ఇంటి పరువు అక్కడే పోయేది. ఆమె నా వైపే చూస్తూ నిలబడింది.

నేను తమిళంలో, నాచు మీద జారి పడింది అన్నాను.

ఆఫీసరు నమ్మలేదు. వంగి, భయపడకు, తాత చెయ్యి వేశాడా అని మళ్ళీ అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అక్క ముందుకొచ్చి తమిళంలో అంది.

“దాన్ని వదిలేయండి సార్. చిన్నపిల్ల. నేనే జారినాను.”

ఆయన ఫైలు మూసేశాడు. మరుసటి ఏడు వానలకు అక్కను పనిలోకి పిలవలేదు. ఆమె చెయ్యి మళ్ళీ సరిగా తిరగలేదు. వీధిలో ఆమె ముగ్గే అందమైనది. ఆ తర్వాత ఎడమచేత్తో వేసేది, గీతలు వంకరపోయేవి. తాతయ్య కూడా ఆ మరుసటి ఏడు చూరు కింద బానలు పెట్టించలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మేము ఉప్పునీళ్ళతోనే పప్పు వండుకున్నాం. అది ప్రాయశ్చిత్తమని ఆయన అనుకున్నాడేమో. అక్క ఇంటి గడప తొక్కి ఒక్క మాట చెప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు. నా వల్లా కాలేదు.

పెద్దయ్యాక రెండు మూడుసార్లు ఆమె ఇంటికి వెళ్ళాను. కాఫీ తాగాం, లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకున్నాం. ఒకసారి తెగించి, అక్కా ఆ రోజు, అని మొదలుపెట్టాను. ఆమె ఎడమచేత్తో నా గ్లాసు అందుకుంటూ అడిగింది.

“ఆ సీసాలో దోమలొచ్చినాయా పాపా? నువ్వు చెప్పనే లేదే.”

వచ్చాయక్కా అన్నాను. ఆమె తల ఊపి, గ్లాసు కడగడానికి లోపలికి పోయింది. చెప్పాల్సిన మిగతా మాట నేను మళ్ళీ మింగేశాను. ఆమె పోయి ఆరేళ్ళయింది.

ఇప్పుడు నేను ఇదే ఊళ్ళో నటేశన్ నగర్‌లో ఉంటున్నాను. వానలు పడగానే డెంగీ పని చేసే అమ్మాయి మేడల మీది ట్యాంకులు చూడడానికి వస్తుంది. ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే. నన్ను పాటీ అంటుంది, తమిళంలో అవ్వ అని. కరోనా తర్వాత మాకు చట్టం వచ్చింది పాటీ, ఎవరైనా చెయ్యెత్తితే గట్టి కేసే అని ఒకనాడు ధైర్యంగా చెప్పింది. చూసినవాళ్ళు చూడలేదంటే ఏమవుతుందని అడిగాను. ఆమె నవ్వి, అప్పుడేముంది పాటీ, ఏమీ ఉండదు అంది.

అందుకే ఆమె వచ్చిన రోజున నేను చేతిలో పని వదిలేసి బయటికి వస్తాను. ఎదురింటాయన నోరు పెద్దది, ఆయన మేడ మెట్లు కనిపించేలా ఎండలో నిలబడతాను. మోకాళ్ళ నొప్పులతో ఈ ముసలిదానికి ఇదేం పిచ్చి అని మా కోడలు విసుక్కుంటుంది. మొన్న ఆ అమ్మాయి గరిటెలో నీళ్ళు పట్టుకుని దిగి వచ్చి, టార్చి వేసి నాకు చూపించింది. పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. చూశారా పాటీ అని అడిగింది.

“చూసినాను” అన్నాను. తెలుగులోనే అన్నాను, వీధంతా వినబడేట్టు.