మా అత్తను చదివించిందెవరు?

నా చిన్నప్పుడు ‘చదివించడం’ అనే మాటకు నాకు ఒక్కటే అర్థం తెలుసు. పలకా బలపం కొనిచ్చి బడికి పంపడం. మా నాన్న నన్ను చదివిస్తున్నాడు, ఎదురింటివాళ్లు వాళ్ల పిల్లను చదివించడం లేదు, అంతవరకే నా తెలివి. ఆ మాటకు ఇంకో అర్థం ఉందనీ, పెళ్లిళ్లలోనూ కథలు చెప్పే చోటా ఎవరైనా కానుక ఇస్తే ‘ఫలానావారు చదివించారు’ అని పేరు పైకి చదువుతారనీ నాకెవరూ చెప్పలేదు. ఆ తెలియనితనంలో నేనొక ప్రశ్న అడిగాను. దానివల్ల ఒక పెద్దమనిషి ఊరందరి ముందూ కుర్చీలోంచి లేచిపోవాల్సి వచ్చింది. నేను అడిగానంతే, చేసింది మాత్రం మా మేనత్త.

మా మేనత్త బుర్రకథ చెప్పేది. ఆడమనిషి తంబుర భుజాన వేసుకుని, చేతి బొటనవేలికి గలగలమనే అందె తొడుక్కుని, కాలికి గజ్జె కట్టి ఎగురుతుంటే మొదట్లో నోళ్లు నొక్కుకున్నవాళ్లే తర్వాత చాప తెచ్చుకుని ముందు వరసలో కూర్చునేవాళ్లు. ఆదివారం పొద్దున మా చర్చిలో పాట ఎత్తుకునే గొంతు కూడా ఆమెదే. బుర్రకథలో అసలు కథ చెప్పే మనిషికి అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. కుడివైపు మనిషి లోకం సంగతులు మాట్లాడతాడు. ఎడమవైపు మనిషి హాస్యం. ఏమీ తెలియనట్టు అడ్డదిడ్డం ప్రశ్నలు వేసి జనాన్ని నవ్వించాలి. మా అత్తకు కుడివైపు ఆమె మరిది, ఎడమవైపు స్వయానా మా మామ. కథలో వంతవాడు ఆమెను ‘అక్కా’ అని పిలవాలి కాబట్టి ఇంట్లో ‘ఏమే’ అనే మామ స్టేజీ ఎక్కగానే పెళ్లాన్ని అక్కా అక్కా అనేవాడు. పిల్లలం ఆ నవ్వు కోసమే పోయేవాళ్లం.

మా ఊరు బోగోలు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. ఒక పక్క వరి, ఇంకో పక్క ఉప్పుమళ్లు, వాటి అవతల సర్వి చెట్ల తోపులు, ఆ తర్వాత ఇసక. వారం వారం జరిగే సంతకు చుట్టుపక్కల పల్లెల నుంచి ఎండుచేపల గంపలు, ఉప్పు బస్తాలు, కూరగాయలు వచ్చేవి. గంప దించిన ప్రతి మనిషీ పంచాయతీకి ఆశీలు కట్టాలి. ఆ వసూళ్లలోంచే కొంత తీసి పంచాయతీవాళ్లు కోతలయ్యాక రెండు సాయంత్రాలు మా అత్త చేత కథ చెప్పించేవాళ్లు. ఎండ వాలగానే మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు ముగించేవాళ్లు. మా అత్త ఇంటికి అదే పెద్ద ఆధారం. మా ఊళ్లో కథ జరిగిందని తెలిస్తేనే వాకాడు దాకా ఉన్న రేవు పల్లెలవాళ్లు కబురు పంపేవాళ్లు. ఇక్కడ ఆగితే అన్నిచోట్లా ఆగినట్టే.

ఆ ఏడు కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. తన పేరు వినపడితే పొంగిపోయే మనిషి, అంతే. అలాంటివాళ్లను ఆ తర్వాత చాలామందిని చూశాను, అందరూ ఒకే అచ్చు. మొదటి సాయంత్రం కథలో కోటను శత్రువులు చుట్టుముట్టారు. రాణి కత్తి దూసింది. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే కింద నుంచి ఒక చీటీ పైకి వచ్చింది. మా అత్త ఎత్తిన చేయి దించి, ‘ఈ కథ మన ప్రెసిడెంటు గారు చదివించారు’ అని చదివింది. గుమ్మెటలు మోగాయి. ముందు కుర్చీలో ఆయన తల ఊపాడు. మళ్లీ రాణి కత్తి ఎత్తింది, మళ్లీ చీటీ వచ్చింది. పాపం ఆ శత్రువులు ఎంత మర్యాదస్తులో, చదివింపు అయ్యేదాకా కోట బయటే ఆగారు. మా అత్త ముఖంలో విసుగు నాకు కనిపించింది గానీ గొంతులో మాత్రం వినిపించలేదు.

మర్నాడు పొద్దున నేను అత్త ఇంటికి పోయాను. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. రాత్రంతా నా బుర్రను తొలిచిన అనుమానం అడిగేశాను.

“అత్తా, ప్రెసిడెంటు గారు నిన్ను ఎన్నో క్లాసు దాకా చదివించినాడు?”

మామ నవ్వలేక గుంజ పట్టుకున్నాడు. అత్త కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి, ఆ మాటకున్న రెండో అర్థం నాకు విడమరిచి చెప్పింది. నాకు అప్పటికీ ఎక్కలేదు. అయితే ఆ దుడ్లు ఆయనవేనా అని అడిగాను. ఆయనవి కాదు, పంచాయతీవి అంది. పంచాయతీకి ఎవరిచ్చారు అన్నాను. సంతలో గంపలు పెట్టుకునేవాళ్లు అంది.

“మరి ఆయన పేరెందుకు చదివినావు?”

అత్త చేట ఆడించడం ఆపేసింది. నేనేదో తప్పు మాట్లాడాననుకుని భయపడి గడప దాకా పోయాను. ఆమె నన్ను పిలిచి పిడికెడు వేరుశనక్కాయలు నా ఒళ్లో పోసింది.

మధ్యాహ్నం ప్రెసిడెంటు మనిషి ఒకడు వచ్చాడు. సాయంత్రం నెల్లూరి నుంచి పెద్దవాళ్లు వస్తున్నారట. వాళ్ల ముందు చీటీ ఎప్పుడు వస్తే అప్పుడు కథ ఆపాలి. ఉత్త ‘చదివించారు’ చాలదు, ‘ప్రెసిడెంటు గారి దానం’ అనాలి. అట్లా అనలేమంటే వచ్చే ఏడు ఈ దుడ్లతోనే రికార్డు డాన్సు పెట్టిస్తారు, జనం కూడా ఎక్కువ వస్తారు. చెప్పి వెళ్లిపోయాడు. మామకు ముఖంలో రక్తం లేదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, రేవు పల్లెల్లో చేపలవేట ఆగి కథకు పిలిచేవాళ్లుండని నెలలు ముందున్నాయి. ఆయన భయాన్ని ఇప్పటికీ నేను తప్పుపట్టను.

“ఒక్క ముక్క అనేస్తే పోలా. నోటి మాటే గదమే,” అన్నాడు.

“కథలో రాజుని నిలదీసే నోరు ఇది. కిందకి దిగినాక కుట్టేసుకోవాల్నా?” అంది అత్త. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని గుమ్మెటలు ఎండకు పెట్టి, తోలు బిగిసిందో లేదో తట్టి చూసుకున్నారు.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఇసక వేస్తే రాలనంత జనం. కథ మంచి పట్టులో ఉండగా చీటీ వచ్చింది. అత్త దాన్ని చదివింది. చదివి, నడుముకు దోపుకుని, తంబుర కిందికి దించి ఎడమవైపు తిరిగింది.

“తమ్ముడూ, ఇది ప్రెసిడెంటు గారి దానమంట. విన్నావా?”

మామతో ముందుగా ఏమీ అనుకోలేదని ఆయన చూపు చూస్తేనే తెలిసిపోయింది. హాస్యంవాడు ఏదో ఒక ప్రశ్న అడగాలి, అది బుర్రకథ పద్ధతి. ఆయన దాన్ని ఏ వెకిలి మాటతోనో దాటేస్తే కథ ముందుకు పోతుంది, వచ్చే ఏటి కూడు నిలుస్తుంది. గుమ్మెట మీద ఆయన వేళ్లు ఆగిపోవడం ముందు వరసలో ఉన్న నాకు కనిపించింది. చివరికి మా అత్త వైపు తిరిగాడు.

“విన్నానక్కా. ఎద్దుని అమ్మి ఇచ్చినాడా, ఎకరా అమ్మి ఇచ్చినాడా?”

జనం గొల్లుమన్నారు. రెండూ కాదు తమ్ముడూ, పంచాయతీలోంచి ఇచ్చినాడు అంది అత్త. పంచాయతీకి యాడివక్కా అన్నాడు మామ. చూద్దాం రమ్మని ఆమె స్టేజీ అంచుకు వచ్చింది. అక్కడ ఎండుచేపలు అమ్మే అవ్వ కూర్చుని ఉంది. అవ్వా, సంతలో గంప దించితే ఏం కడతావని అడిగింది. ఆశీలు కడతానమ్మా అంది అవ్వ. కట్టకపోతే? గంప ఎత్తి అవతల పారేస్తారు అంది. అత్త నిటారుగా నిలబడి, నెల్లూరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు కూడా వినపడేలా చదివింది.

“ఈ కథని ఎండుచేపల అవ్వ చదివించింది!”

మామ గుమ్మెట మోగింది. ఈసారి వేళ్లు ఆగలేదు. తర్వాత ఉప్పుమళ్లలో పనిచేసే అక్క చదివించింది. గెణుసుగడ్డల తాత చదివించాడు. సత్తు గిన్నెలకు మాట్లు వేసే సాయిబు చదివించాడు. ఒక్కో పేరుకు ఒక్కో దెబ్బ. పేరు వచ్చిన ఆడవాళ్లు పైట సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. నన్ను మరిచిపోయినావే అని వెనక నుంచి తమలపాకులమ్మే ఆమె కేకేసింది. ఎవరో మైకు తీగ పీకేశారు. మా అత్తకు మైకు ఎందుకు? మైకు రాకముందు నుంచీ చెప్పిన గొంతు అది. జనమే ఇంకాస్త ముందుకు జరిగారు.

ఆఖరున ఆమె ప్రెసిడెంటు వైపు తిరిగింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. “మన ప్రెసిడెంటు గారు కూడా ఈ ఊరి మనిషే. ఇంటిపన్ను కడతాడు. ఆయన కూడా చదివించినాడు,” అంది. ఆయన పేరుకూ ఒక్క దెబ్బే వేయించింది, అవ్వకు వేసినంతే. ఆయన తట్టుకోలేకపోయింది ఆ ఒక్క దెబ్బనే. పై పంచె దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. వచ్చిన పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్త తంబుర మళ్లీ భుజానికెత్తుకుని కోటలో ఆగిపోయిన రాణి దగ్గరికి పోయింది. ఆ సాయంత్రం రాణి గెలిచిందో ఓడిందో నాకు గుర్తులేదు, ఎవరికీ గుర్తుండదు.

దీనికి ఖర్చు పడింది. పడలేదని చెబితే మా అత్తకు అన్యాయం చేసినట్టే. తర్వాతి ఏడు మా ఊళ్లో రికార్డు డాన్సే పెట్టించారు. రేవు పల్లెల నుంచి కబుర్లు తగ్గిపోయాయి. మామ ఉప్పుమళ్లలో కూలికి పోయాడు, ఆ పనిలో అరికాళ్లు పగిలిపోయాయి. అత్త ఇంట్లో ఎక్కువ రోజులు గంజే. మా అమ్మే ఒకసారి ఉండబట్టలేక, ఆ ఒక్క మాట అనేసి ఉంటే పోయేది కదా వదినా అంది. అత్త కోపంతో కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ కోపం నాకు ఆ రోజు అర్థం కాలేదు గానీ, నచ్చింది.

ఆ పై ఏడు కోతలయ్యాక సంతలో ఒక వింత జరిగింది. ఆశీలు వసూలు చేసేవాడు వస్తే ఎండుచేపల అవ్వ గంప మీద చేయి వేసి, “నా కథ ఏదబ్బయా?” అని అడిగింది. వాడికి తల తోక అర్థం కాలేదు. పోయినేడు నేను చదివించిన కథ మింగేసినారు, ఈ ఏటిది చెప్పిస్తేనే కడతా అంది. గంప ఎత్తి పారేయబోతే పక్క గంప ఆమె లేచి నిలబడింది, ఆ పక్కామె కూడా లేచింది. ఆ వారం మా సంతలో ఎవరూ ఆశీలు కట్టలేదు. మరుసటి వారమూ అంతే. ప్రెసిడెంటు మనిషి మళ్లీ మా అత్త గడప తొక్కాడు. ఈసారి అతని చేతిలో చీటీ లేదు, కథకు పిలిచే ఆకువక్కల తాంబూలం ఉంది.

ఇప్పుడు నా వయసు ఆనాటి అత్త వయసును ఎప్పుడో దాటిపోయింది. ఆమె దగ్గర నేర్చుకున్న కథలు మా చిన్న టౌనులో పిల్లలకు నేర్పుతున్నాను. మా టౌనులో ఊరి పన్నులతో కట్టిన కళామందిరం ఒకటి ఉంది. దాంట్లో చీరల ఎగ్జిబిషన్లు జరుగుతాయి, రిసెప్షన్లు జరుగుతాయి. కథకు అడిగితే ఖాళీ లేదంటారు. ఖాళీ ఉన్న రోజు అద్దె కట్టమంటారు. ముసలి కళాకారులకు ఏమైనా ఇవ్వండి, పిల్లలకు గుమ్మెటలు కొనివ్వండి అంటే, రోడ్లకే లేవమ్మా, కళలకు యాడ తెచ్చేది అంటారు. మొన్న ఒక్క సాయంత్రం ఇచ్చి, స్టేజీ వెడల్పున ఒక నాయకుడి ఫ్లెక్సీ కట్టి, ఆయన ఉదారతకు ధన్యవాదాలు చెప్పమని నాకొక కాగితం అందించారు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి పిల్లల చేతికిచ్చాను. మా ఇంటి పక్క పచ్చళ్ల ప్యాకెట్లు అమ్మే అమ్మాయితో మొదలుపెట్టి, ఆటో అన్నలతో సహా పన్ను కట్టే ప్రతివాళ్లూ ఈ కథ చదివించారని చెప్పించాను. రెండో సాయంత్రం రద్దయింది. కావచ్చు, అదేం కొత్త కాదు.

కాస్త మెత్తగా మాట్లాడు పెద్దమ్మా, ఇచ్చేవాళ్లతో పేచీ ఎందుకు అంటారు మా పిల్లలు. ఇచ్చేవాళ్లు ఎవరే అని వాళ్ల మీదే విరుచుకుపడతాను. మా అత్త నాకు తంబురా ఇవ్వలేదు, బంగారమూ ఇవ్వలేదు. ఆఫీసు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడలేని జబ్బు ఒకటి అంటించిపోయింది. అది ఇంక తగ్గదు, తగ్గాలని నాకూ లేదు.

సోమవారం సోమవారం మున్సిపాలిటీ ఆఫీసుకు పోతాను. ఎవరూ కూర్చోమనకముందే కుర్చీ లాక్కుని కూర్చుంటాను. ఏందమ్మా మళ్లీ వచ్చినారు, ఏం కావాలి మీకు అని అడుగుతాడు అక్కడి కుర్ర ఆఫీసరు.

“ఏం వద్దు సార్,” అంటాను. “మా దుడ్లు మీ దగ్గర ఉండాయి గదా. బాగుండాయా లేదా అని చూసిపోదామని వచ్చినా.”