సాలు చివర ఆగిన కథ

మర్రిగూడ చేలల్లో పత్తి ఏరే ఆడవాళ్లు గోపమ్మ పక్క సాలు కోసం పొద్దున్నే పోటీ పడేవాళ్లు. ఆమె చేతులు పత్తి మీద పడగానే నోరు కథ మీద పడేది. సాలు చివరికి వచ్చేసరికి కథను సరిగ్గా ఆపదలో నిలబెట్టి, ఒడిలోని పత్తిని కుప్ప మీద దులిపి, తాపీగా నీళ్లు తాగేది. తర్వాత ఏమైందో తెలియాలంటే ఇంకో సాలు పట్టాల్సిందే. చేను ఆసామి ఆమెకు ఒక కప్పు చాయ్ ఎక్కువ పోయించేవాడంటే అది కళ మీద గౌరవమేమీ కాదు. ఆమె వచ్చిన రోజు చేను తొందరగా ఖాళీ అయ్యేది.

ఆమె కథల్లో రాజులు, దయ్యాలు తక్కువ. తప్పిపోయిన గొర్రె, తిరిగిరాని మొగుడు, తలుపు తట్టిన కొత్త మనిషి. అన్నీ ఎరిగిన సంగతులే, అయినా ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. కిటుకు ఒక్కటే. కథ మొదట్లో ఆమె ఎవరో ఒకరి పక్కన నిలబడేది, చివరిదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. మొగుడి కోసం ఎదురుచూసే ఆడదాని కథైతే గోపమ్మ కూడా ఆమె గడపలోనే ఉండేది. వాడు అడవిలో ఏమయ్యాడో చచ్చినా చెప్పేది కాదు. పక్క సాలు మల్లీశ్వరి ఆగలేక, "వాడు బతికిండా లేదా, గదొక్కటి చెప్పరాదు అత్తా" అని బతిమాలేది.

"ఆమెకు తెల్వంది నీకెట్ల తెలుస్తదే? ఆమె పక్కపొంటి నువ్వు గూడ కూసో."

ఈ విద్య ఆమె ఎక్కడా నేర్వలేదు. పానగల్ దగ్గర గొర్ల కాపరుల ఇంట పుట్టి, పదిహేనో ఏట ఈ ఊరి కోడలైంది. మొగుడు ఐలేశం ఏడాదిలో సగం మంద వెంటే. మెట్టలో మేత అయిపోగానే గొర్లను తోలుకుని సాగర్ కాలువ కింది వరి మడుల్లోకి పోయేవాడు. ఏ మడిలో మంద పెట్టాడో, ఎప్పుడు వస్తాడో ఆమెకు తెలిసేది కాదు. ముప్పై ఏళ్లు గడపలో కూర్చుని చూసిన మనిషికి, గడపలోంచి కథ చెప్పడం ఒకరు నేర్పాలా? ఫోన్లు వచ్చాక ఆయన మల్లీశ్వరి ఫోనుకు చేసేవాడు. "తిన్నవా" అనేవాడు. "తిన్న" అనేది. అంతే సంసారం.

అక్కడి పల్లెల్లో చావు కబురుకు ఒక పద్ధతి ఉంది. పోయాడని ఎవరూ చెప్పరు. ఏం లేదు, పానం బాగలేదంటారు, దవాఖానలో ఉన్నాడంటారు, నీతో మాట్లాడతానంటున్నాడు రమ్మంటారు. ఆ మాటలతోనే బస్సెక్కించి వాకిలిదాకా నడిపిస్తారు. గోపమ్మ తండ్రి పోయినప్పుడూ అంతే. నమ్మి, ఆయన కోసం బత్తాయిలు కొనుక్కుని పోయింది. వాకిట్లో పాడె కడుతున్నారు. ఆ పండ్లను ఏం చేయాలో తెలియక ఒడిలోనే పెట్టుకుని ఏడ్చింది. ఇంకోసారి ఎవరికీ ఇట్లా దొరకనని ఆ రోజే అనుకుంది.

కొత్త రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, పత్తి మూడో ఏరుడు నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం మల్లీశ్వరి ఫోను మోగింది. చేసింది ఐలేశం తమ్ముని కొడుకు నాగేందర్, మంద వెంట పోయినవాడు. రెండు మాటలు వినేసరికి మల్లీశ్వరి ముఖం మారింది.

"ఏం లేదంట అత్తా. మామకు గుండెల నొస్తే మిర్యాలగూడల దవాఖానకు తెచ్చిండ్రంట. నీతోని మాట్లాడుతనంటుండంట. ఇగో, పట్టు."

గోపమ్మ చేయి చాపలేదు. ఏం లేదు, దవాఖాన, మాట్లాడుతనంటుండు. వరుస కూడా తప్పలేదు.

"నాకు చెప్పకుండ్రి," అంది. "నాకెరికే."

సాళ్ల మధ్య కూలబడి గుండెలు బాదుకుంది. ఆమెను చూసి వెనక సాలు బాలనర్సమ్మ ఏడ్చింది, బాలనర్సమ్మను చూసి తక్కినవాళ్లు ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఐలేశం మంచితనం ఎత్తి శోకాలు పెట్టారు. తాను వినని కబురేదో అత్తకు అందిందనుకుని మల్లీశ్వరి కూడా, ఫోనును కట్ చేయకుండానే పత్తి కుప్ప మీద పడేసి, ఆమెను పట్టుకుంది. బయల్దేరేటప్పుడు ఆ ఫోనును పత్తిలోంచి వెతికి తీశారు. నాగేందర్ నాలుగుసార్లు చేసి ఉన్నాడు. ఎప్పుడొస్తున్నారని అడగడానికే అనుకున్నారు.

మిర్యాలగూడ దారిలో ఆటో హాలియా దాటాక ఫోను మళ్లీ మోగింది. ఈసారి నాగేందర్ పద్ధతి మరచిపోయి, పెద్దబాపు పానం ఇప్పుడే పోయిందని చెప్పాడు.

ఇప్పుడే. ఆ మాట గోపమ్మకు దవాఖాన మెట్లు ఎక్కేదాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవలేదు. నాగేందర్‌ను వరండాలో కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పమంది.

"ఫోను పెద్దబాపు చెవు కాడనే వెట్టిన పెద్దమ్మా. ఏడుపులినవడ్డయి. ఎవలు పోయిండ్రురా, మీ పెద్దమ్మ గట్లేడుస్తాంది, అనడిగిండు. నాకేం తెల్వదన్న. మళ్ల జేస్తే ఎవలెత్తలే. ఆమెను జర ఎవలన్న సముదాయించుండ్రి అనుకుంటనే ఉండె, ఆఖరుదాంక."

దినాలకు వచ్చిన చుట్టాలు అంతా పైవాడి రాత అన్నారు. గోపమ్మ ఒప్పుకోలేదు. బాధ తగ్గిద్దామని తరతరాలుగా ఆడుతున్న అబద్ధం, ఒక్క నిజాన్ని నమ్మనివ్వలేదు, అంతే. ఇక తన సంగతి అంతకన్నా చెడ్డది. ముప్పై ఏళ్లు ఎవరినీ కథ చివరికి ఉరకనివ్వని మనిషి, తన వంతు వచ్చేసరికి తానే ఉరికింది.

మరుసటి ఏడు పత్తికి వచ్చింది గానీ చాలా రోజులు నోరు విప్పలేదు. ఆసామి ఎక్కువ చాయ్ మానేశాడు. ఒకరోజు ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. ఈసారి ఆమె గడపలో లేదు. దవాఖాన మంచం పక్కన నిలబడింది. గొర్లు కాసే ఒకాయన, రొమ్ములో నొప్పి, చెవి దగ్గర ఫోను, అటు ఏడుపులు. ఇంటి దగ్గర పోయిందెవరో ఆయనకు తెలియదు. తమ్ముడా, మరదలా, పక్కింటి ముసలామెనా అని ఒక్కొక్కరినే తలచుకుంటున్నాడు. వినేవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఎవరి కథో తెలుసు, ముగింపూ తెలుసు. అయినా ఊపిరి బిగబట్టారు.

సాలు చివర గోపమ్మ ఒడి దులిపింది. నీళ్లు తాగలేదు.

"ఏడ్సెటామె ఆయన కోసమే ఏడుస్తాందని ఆయనకు జెప్పు అత్తా," అంది మల్లీశ్వరి. "గదన్న ఎరికై పోనియ్యి."

"ఆయనకు తెల్వలేదే," అంది గోపమ్మ. "ఆయనకు తెల్వంది నేనెట్ల చెప్తనే?"

ఇంకో సాలు పట్టింది. తక్కినవాళ్లూ పట్టారు. ఆ సాలు పొడవునా పత్తికాయల బెరడు చేతులకు గీసుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.