చుట్టాలకొక రౌటరు

ఆ రోజుల్లో మా చింతాద్రిపేట ఇంట్లో చుట్టం గడప దాటగానే అమ్మ ముందు మంచినీళ్ళిచ్చేది, వెంటనే వైఫై పాస్‌వర్డు చెప్పేది, కాఫీ ఆ తర్వాతే. పాస్‌వర్డు వంటింటి క్యాలెండరు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి ఉండేది. పాలాయనకు తెలుసు, పక్కింటివాళ్ళకు తెలుసు, గ్యాసు సిలిండరు తెచ్చే ఆయన మెట్లెక్కేలోపే ఆయన ఫోను మా నెట్టుకు తగులుకునేది. ఈ సత్రంలోనే ఒక మూల గదిలో కూర్చుని నేను కొత్తగా చేరిన ఉద్యోగం వెలగబెట్టేదాన్ని. ఏం ఉద్యోగమంటారా? ఊళ్ళోవాళ్ళ నెట్టు పాడైతే ఫోనులో విని, బాగుచేసే దారి చెప్పే ఉద్యోగం. (నవ్వకండి, అసలు సంగతి ఇంకా రాలేదు.) ఆరు నెలల ప్రొబేషన్ దాటితేనే అది ఖాయమయ్యేది. ప్రతి గురువారం పదకొండింటికి హైదరాబాదు నుంచి మేడమ్ వీడియోలో కనిపించి నా పని ఎలా ఉందో చూసేవారు.

సరిగ్గా అదే గురువారం, అదే పదకొండింటికి, పెరంబూరు నుంచి మా పెద్దమామ, అంటే అమ్మకు అన్న, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని దిగేవాడు. ఆయన వాళ్ళ పేట భజన మండలికి కార్యదర్శి. శనివారం భజనకు పాటలు ప్రింటు తీసుకోవాలి. ప్రింటరేమో మా ఇంట్లో, అందులోనూ నా బల్ల మీద, నా మోచేతి పక్కన. మంచికి పోయి ఒకనాడు ఆయన ల్యాప్‌టాప్‌లో ఆ ప్రింటరు అడ్రసు ఎక్కించి పెట్టిన మహాతల్లిని కూడా నేనే. హాల్లో కాఫీ తాగుతూ ఆయన ఒక్క మీట నొక్కేవాడు. లోపల నేను "కస్టమర్ సమస్య పూర్తిగా తీరిపోయిందండీ" అంటూ ఉండగా నా పక్కన గర్రుగర్రుమని దరువు మొదలయ్యేది. ఒక పేజీనా, రెండు పేజీలా? నలభై! "ఆ చప్పుడేమిటి?" అని మేడమ్. "పక్కింట్లో ఏదో పని జరుగుతోందండీ" అని నేను. అంతలో మామ తలుపు తోసుకొచ్చి, కెమెరాకు నమస్కారం పెట్టి, తాపీగా కాగితాలు ఏరుకుని పోయేవాడు. ప్రింటరు ఆపేసి చూశాను. ఆయనే వచ్చి స్విచ్చి వేసి వెళ్ళాడు.

మూడో గురువారం మేడమ్ ముఖం గంటు పెట్టుకుని, "ఇంట్లో పనిచేసే వాతావరణం లేకపోతే మీ ప్రొబేషన్ సంగతి ఆలోచించాల్సి వస్తుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హాల్లోకి వెళ్ళి, "నా ఉద్యోగం పోయేట్టుంది మామా, ఆ టైములో వద్దంటే వినవా?" అని అరిచాను. "చుమ్మా, ఊరికే నాలుగు పాటలే గదా పాపా! నువ్వు మాట్లాడుకో, నీ దోవకు నేనొస్తినా?" అన్నాడాయన, కాఫీ చల్లారిపోతుందన్న దిగులు తప్ప మరేమీ లేకుండా.

ఇక లాభం లేదనుకుని అటక మీది పాత రౌటరు దించాను. బయటి తీగ వచ్చి తగిలే పెద్ద రౌటరులో మేము, దాని నుంచి ఇంకో తీగ లాగి వెనక తగిలించిన రెండోదానిలో చుట్టాలు. ఒకరి సంగతి ఒకరికి అక్కర్లేదు. పెద్దదాని పాస్‌వర్డు మార్చి, రెండోదానికి 'అతిథి' అని పేరు పెట్టి, క్యాలెండరు మీది ఎర్ర రాతను కొట్టేశాను. అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏందే ఇది? ఇంటికొచ్చినోళ్ళకు వేరే లోటా పెట్టే వాడుక మనింట్లో ఎప్పుడన్నా ఉండిందా?"

"వేరే లోటా కాదమ్మా, వేరే కుళాయి. నీళ్ళు అవే."

"నీళ్ళు అవే అయితే వేరే కుళాయి ఎందుకు?"

నేను గొంతు పెంచాను. అమ్మ రెండు రోజులు కాఫీ నన్నే కలుపుకోమంది. (అన్నం మాత్రం పెట్టింది, గిన్నెలు చప్పుడు చేస్తూ.)

గురువారం వచ్చింది. మామ 'అతిథి'లో చేరి, "పేరు బాగుండాదే!" అని మెచ్చుకున్నాడు కూడా. ఆ వారం నేను సొంతంగా చేసిన పని ఒకటి మేడమ్‌కు చూపించాలి. ఇంతకన్నా ఏముంది? చుట్టాలను విడదీసిన వైనమంతా బొమ్మ గీసి చూపించి, "ఇక ఆ చప్పుడు మీకు వినపడదండీ" అన్నాను. మాట పూర్తయిందో లేదో, ప్రింటరు గర్రుమంది.

మేడమ్ బొమ్మకేసి చూశారు, నాకేసి చూశారు, నవ్వు ఆపుకున్నారు. "వెనక రౌటరులో వాళ్ళు ముందుదాంట్లోంచే కదమ్మా బయటికి పోవాలి? దారిలో మీ ప్రింటరు వాళ్ళకు అందుతుంది. మీకే వాళ్ళ దగ్గరికి దారి లేదు. మొత్తం తలకిందులు చేశారు." మామ కాగితాలు తీసుకుపోదామని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మా అవ్వ, మాతోనే ఉండే అమ్మవాళ్ళమ్మ, అంతా విని, "అంటే చుట్టాలను లోపలింట్లో పెట్టి, మనల్ని తిన్నె మీద కూర్చోబెట్టినావా?" అంది. "అవ్వగారికి అర్థమైంది" అన్నారు మేడమ్. వారం గడువిచ్చారు. అంత అవమానం నేను మళ్ళీ పడలేదు.

ఆ మధ్యాహ్నమే తీగలు మార్చాను. ముందు రౌటరులో చుట్టాలు, వెనకదానిలో మేమూ, మా ప్రింటరూ. మరుసటి గురువారం పదకొండింటికి గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ప్రొబేషన్ దాటినట్టే అని చెప్పి మేడమ్ పెట్టేశారు. గెలిచిన మొహంతో హాల్లోకి వచ్చాను.

మామ నేల మీద కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాప్ మూసి ఉంది. దాని మీద తెల్ల కాగితం పెట్టుకుని, స్కెచ్ పెన్నుతో బొటనవేలంత అక్షరాలు రాస్తున్నాడు. పక్కన అవ్వ ఒక్కొక్క చరణం చెబుతోంది.

"ఏంది మామా ఇది?"

"ప్రింటరు కనబళ్ళేదు పాపా. పరవాలేదులే, నీ పనికి అడ్డం గదా. మీ అవ్వకు, ఆడికొచ్చే ముసలోళ్ళకు చిన్నక్షరాలు కనబడవు. ఇంత లావు వేస్తే పేజీకి రెండు లైన్లే పడతాయి."

నలభై పేజీలు ఎందుకో అన్ని వారాల్లో నేను ఒక్కసారీ అడగలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో కోపమొచ్చి, "ముందే చెప్పొచ్చు గదా!" అని ఆయన మీదే విరుచుకుపడ్డాను. "నువ్వడగలేదే" అన్నాడు, కోపమేమీ లేకుండా, తరువాతి అక్షరం దిద్దుతూ. ల్యాప్‌టాప్ లాక్కుని మా ఇంటి పాస్‌వర్డు నేనే కొట్టాను. పన్నెండు దాటాకే ప్రింటు అని మాత్రం ఒట్టు వేయించుకున్నాను.

ఇప్పుడు మైలాపూరులో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ రెండు రౌటర్ల పాఠం చెప్పేది నేనే. చుట్టాలు ముందు, ఇల్లు వెనక అని బొమ్మ గీస్తాను. చుట్టాల వైపు ఎవరెవరిని పెట్టాలని ఎవరో ఒకరు అడుగుతారు. "ముందు వాళ్ళేం ప్రింటు తీసుకుంటున్నారో అడుగు" అంటాను. పిల్లలకు అర్థం కాదు. పౌరుషంతో తీగలు పీకుతున్న ఆనాటి పిల్ల కళ్ళ ముందు మెదిలి, నాకు మాత్రం నవ్వొస్తుంది. అయినా ఒకటి అడుగుతాను, మీరే చెప్పండి: వారంలో అన్ని గంటలుండగా, ఆ మనిషికి గురువారం పదకొండే దొరకాలా?