కువైట్‌లో ఆ పద్యం పాడింది నేను

ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు గనుక నేనే రాసుకోవలసి వస్తోంది. మొన్న అమలాపురంలో మా బావకు, అంటే మా మేనత్త కొడుక్కి, శాలువా కప్పి, కువైట్‌లో తుపాకీ ఎదుట పద్యం పాడిన ధీరుడని పొగిడారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. వేదిక మీదికి పిలవడం అటుంచి, మంచినీళ్లు కూడా నా దాకా రాలేదు.

ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకున్నాక పనులు ఆగిపోయి, ఇంటికి చేరే దారి తెలియక, మన కోనసీమ వాళ్లం కొందరం ఒక మేడ కింద నేలమాళిగలో పడి ఉన్నాం. దిగులుతో మాటలు కూడా కరువైపోతుంటే, కాట్రేనికోన నుంచి వచ్చిన మేస్త్రిగారు పద్యనాటకం వేద్దామన్నారు. రాజు వేషం బావది, హార్మోనియం నాది. దుప్పటి తెర అయింది, బిస్కెట్ల డబ్బా రేకు కిరీటమైంది. గుంపుగా చేరకూడదని సైన్యం ఆజ్ఞ, అందుకని తాళం కూడా తొడల మీదే వేసుకున్నాం.

యుద్ధానికి బయలుదేరే రాజు పద్యం ఎత్తుకోబోతుండగా ఒక సైనికుడు తుపాకీతో మెట్లు దిగి వచ్చాడు. అతను హార్మోనియం వైపు చూసి, కానివ్వమన్నట్టు తుపాకీ ఊపాడు. బావ నోరు తెరిచాడు గాని మాట రాలేదు. వేషధారి తడబడితే హార్మోనియం వాయించేవాడు గొంతు అందించడం మన నాటకాల్లో అలవాటే. ఆ అలవాటు కొద్దీ, కూర్చున్నచోటే నేను అందుకున్నాను. అందించేది మామూలుగా ఒక్క పాదం. నేను నాలుగు పాదాలూ, చివరి రాగంతో సహా పాడాను. బావ చెయ్యెత్తి పెదవులు కదిపాడు. అయ్యాక సైనికుడు వేలు గుండ్రంగా తిప్పాడు. మన పందిళ్లలో వన్స్‌మోర్ అంటారే, అదన్నమాట. మళ్లీ నేనే పాడాను. అతను బావ భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ భుజం మీదే ఇప్పుడు శాలువా పడింది.

అప్పట్లో ఊరొచ్చాక, ఆ పద్యం తనే పాడానని చెప్పుకుంటుంటే నలుగురిలో నిలదీశాను. బావ నవ్వేశాడు.

"నువ్వు హార్మణీ వాయించేవు బావా. పద్యం ఎప్పుడూ వేషం కట్టినోడిదే కదా."

చుట్టూ ఉన్నవాళ్లు, "ఆయ్, అంతేనండీ" అన్నారు. నేలమాళిగలో ఉన్న మిగతావాళ్లు తలో దిక్కూ అయిపోయారు, నా పక్షాన చెప్పగల మేస్త్రిగారు తరవాత కొన్నాళ్లకే పోయారు.

తెల్లవార్లూ పందిట్లో కూర్చుని, తెర వెనక గొంతు విని మనిషిని పోల్చిన జనం ఇప్పుడేరీ? మొన్నటి సభలో బావను ఆ పద్యం ఒక్కసారి పాడమని అడిగినవాడు లేడు. అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది. ఫొటోలు దిగి భోజనాలకు లేచారు.

బావా, ఇది నీకు చదివి వినిపించేవాళ్లు ఉంటారని తెలుసు. గొంతు పెగలకపోవడం తప్పని నేనెప్పుడూ అనలేదు, భయం నాకూ వేసింది. కాని ఆ పద్యం ఎవరు పాడారు? నాకు చెవిలో చెప్పనక్కర్లేదు. నిన్ను పొగిడిన ఆ మైకులోనే చెప్పు.